మిస్ విన్నెట్ బొటనవేలు

మిస్ విన్నెట్ జన్మలో ఒక్కసారి కూడా గంజాయి పొగ పీల్చలేదు. ఆదివారం వస్తే తెల్లటోపీ పెట్టుకుని, బాప్టిస్టు చర్చిలో రెండో వరుసలో కూర్చుని, పక్కవాళ్ల పాట వాళ్లకే వినబడనంత గట్టిగా పాడుతుంది. రమ్ము తాగదు, పందెం కట్టదు, ఒకరింటి మాట ఇంకొకరింట్లో చెప్పదు. చివరిది మా కొండ మీద ఎంత అరుదో చెప్పనక్కర్లేదు. అలాంటి మనిషికి వెస్ట్‌మోర్‌లాండ్ కొండల్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా పేరు వచ్చింది మాత్రం గంజాయి వల్లే.

ఆమె విద్య ఒక్కటే, మొక్క మగదో ఆడదో చెప్పడం. గంజాయిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మనిషికి పనికొచ్చేది ఆడదాని పూత. పక్కన ఒక్క మగది విచ్చుకుని పుప్పొడి వదిలిందా, గాలివాటున ఉన్న ఆడ మొక్కలన్నీ గింజ పట్టేస్తాయి. గింజ పట్టిన పూతలో సారం ఉండదు, దాన్ని అడిగే నాథుడూ ఉండడు. అందుకని మగవాటిని విచ్చుకోకముందే ఏరి పీకెయ్యాలి. చెప్పడం తేలికే. ఆకుకాడ కాండాన్ని కలిసే గణుపు దగ్గర ఆవగింజంత మొగ్గ వస్తుంది. అది చిన్న కాడకు వేలాడే పూసలా ఉంటే మగది. దాన్లోంచి రెండు తెల్లటి పోగులు బయటికొస్తే ఆడది. పడుచువాళ్లు భూతద్దాలు పెట్టుకుని వెతుక్కుంటారు. విన్నెట్ గణుపు మీద బొటనవేలు పెట్టి ఒక్కసారి నిమురుతుంది. "ఇది అమ్మాయి. ఇదీ అమ్మాయే. ఇది వెధవ, పీకండి," అంటూ నడుచుకుంటూ పోతుంది. దగ్గరి చూపు మందగించి పదేళ్లయినా వేలు తప్పు చెప్పిన రోజు లేదు.

ఆమె పద్ధతులు ఆమెవి. గాలి ఆగి ఉన్నప్పుడే పని. మగదాన్ని ముందు నీళ్లతో తడపాలి, తడిగుడ్డ కప్పాలి, అప్పుడు పీకాలి. పీకిన బట్టలతో ఆడ మొక్కల్లోకి అడుగు పెట్టకూడదు, ఇంటికెళ్లి తలస్నానం చేసి రావాలి. ఒకసారి ఓ పెద్దమనిషి, "మిస్ విన్నెట్, నీ చెయ్యి తగిలితే మగ పుట్టుకన్నది బతకదంటగా," అని పరిహాసమాడాడు. "ఇలా దగ్గరికి రా నాయనా, నిన్నూ ఓసారి తడిమి చూస్తా. మీ ఆవిడక్కూడా ఎప్పట్నుంచో అనుమానంగా ఉంది," అందామె. ఆ పెద్దమనిషి ఆ తర్వాత ఆమె ఎదురుపడితే పక్కదారి పట్టేవాడు.

ఈ విద్య ఆమెకు పెళ్లితో వచ్చింది. భర్త మాస్ ఉరియాకు కొండ వెనక పల్లంలో, పెండలం తీగల మధ్య, కొన్ని వందల మొక్కలు ఉండేవి. అప్పట్లో ఒక్క మొక్క దొరికినా జైలే. నాటేదీ కోసేదీ అతను, మగవాటిని ఏరేది మాత్రం ఆమె. ఎనభై నాలుగులో, కోత ఇంక వారం ఉందనగా పోలీసులు పల్లంలో దిగారు. ముందు నడిచినవాడు కార్పొరల్ లాసెల్స్ బ్రామ్‌ఫీల్డ్. చేను మొత్తం నరికించి, కుప్ప వేయించి, కిరోసిన్ పోసి తగలబెట్టించాడు. ఉరియా తొమ్మిది నెలలు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక మళ్లీ ఆ పల్లం మొహం చూడలేదు, అరటి వేసుకున్నాడు.

విన్నెట్ మాత్రం ఇంట్లో ఉండి ఆ మంటకు చిక్కని గుప్పెడు గింజలు పౌడరు డబ్బాలో పోసి దూలం మీద దాచింది. ఏటా ఎక్కడో ఒక మూల నాలుగు మొక్కలు పెంచేది. ఒక్క మగదాన్ని వాగు అవతల, అన్నిటికీ దూరంగా బతకనిచ్చేది. దాని పుప్పొడిని కోడి ఈకతో తెచ్చి ఒకే ఒక్క ఆడ మొక్కకు అద్ది, మళ్లీ గుప్పెడు గింజలు తీసేది. అలా నలభై ఏళ్లు ఆ జాతిని కంటికి రెప్పలా కాపాడింది. ఉరియా పోయి పన్నెండేళ్లయింది. గింజ ఇంకా ఉంది.

కార్పొరల్ కూడా మా కొండమీది మనిషే. ఉద్యోగం అయిపోయాక పై వీధి చివర ఇల్లు కట్టుకుని, చుట్టూ రేకుల దడి వేసుకున్నాడు. అందరూ కార్పీ అనే పిలుస్తారు. ఆయన మీద ఎన్నయినా చెప్పొచ్చు గానీ, ఒకరి దగ్గర చెయ్యి చాపాడని మాత్రం ఎవరూ చెప్పలేరు. లంచం తీసుకునే పోలీసుతో ఊరు ఎలాగోలా సర్దుకుపోతుంది. తీసుకోనివాడితోనే చచ్చే చావు.

రెండువేల పదిహేనులో చట్టం మారింది. ఇంటికి ఐదు మొక్కలు పెంచుకోవచ్చన్నారు. అంతకు మించి సాగు చెయ్యాలంటే లైసెన్సు కావాలి. లైసెన్సు రావాలంటే కంచె కావాలి, కెమెరాలు కావాలి, కాపలా కావాలి. జైలుకెళ్లినవాళ్లేమో కొండ మీద ఉన్నారు, కంచెలు కట్టగలవాళ్లు కింద మైదానంలో ఉన్నారు. మంచా చెడా అన్న తగువు చట్టంతో తీరుతుందనుకున్నాం, తీరా చూస్తే అప్పుడే మొదలైంది. రమ్ము కొట్టు అరుగు మీద రోజూ అదే పంచాయితీ. నడుము దాకా జడలు వేలాడే ఎలీషా, "దేవుడిచ్చిన ఆకుకి సర్కారు చీటీ ఏంటి?" అనేవాడు. అటుగా పోతున్న కార్పీ ఆగి, "నిన్న నేరమైంది ఇవాళ మందెలా అయ్యిందో చెప్పు ముందు," అనేవాడు. ఇద్దరూ గొంతులు పోయేదాకా వాదించుకునేవాళ్లు.

విన్నెట్ ఉప్పుచేప కొనుక్కోవడానికి వచ్చి రెండు మాటలు విసిరి పోయేది. "ఈ కొండ మీద ఉబ్బసం వచ్చిన పిల్లలందరి గుండెలకీ నా సీసాలో రమ్ము రుద్దాను. ఆ రమ్ములో ఏ ఆకు నానేశానో ఒక్క తల్లీ అడగలేదు. అడిగితే తెలుసుకోవాల్సి వస్తదని. మీ తగువు తీరాలంటే ముందు ఆ తల్లుల్ని పిలవండి." అరుగు మీదున్నవాళ్లలో సగం మంది ఆ సీసా వాసనలో పెరిగినవాళ్లే కాబట్టి, కాసేపు ఎవరూ తలెత్తేవాళ్లు కాదు.

చివరికి పన్నెండు కుటుంబాలు కలిసి, ఎలీషాను పెద్దగా పెట్టుకుని, ఒకే ఒక్క ఎకరానికి కంచె కట్టాయి. ప్రభుత్వం ఒక్క పంటకు అనుమతి ఇచ్చింది. ఆ పంట గింజ లేకుండా శుభ్రంగా వస్తే లైసెన్సు. రాకపోతే కంచె ఊడబీక్కుని ఇంటికి పోవడమే. ప్రతి మొక్కకూ నంబరు చీటీ కట్టారు. నాటింది విన్నెట్ డబ్బాలోని గింజ. వారం వారం చేనంతా తిరిగి మగవాటిని ఏరేసింది కూడా ఆమే. ఇంక కోతకు మూడు వారాలు ఉంది.

ఆ గురువారం పొద్దున ఆమె మామూలుగానే చేలో దిగింది. పై గట్టు పక్కనున్న వరసలో వేలు ఆగింది. పోగులు తెల్లగా నిగనిగలాడాల్సినవి ఎండి గోధుమరంగుకు తిరిగాయి. వాటి మొదట్లో, వేలి కింద, గట్టిగా ఏదో ఉబ్బి ఉంది. ఇంకో మొక్క చూసింది. ఇంకోటి చూసింది. మొత్తం పదకొండు మొక్కలు.

"గింజ పడుతోంది," అంది. వెనకాలే ఉన్న ఎలీషా ముందుకొచ్చి ఆ గణుపుకేసి వంగాడు. "మనం ఒక్కటి కూడా వదల్లేదమ్మా."

"మనది కాదు. పొద్దున గాలి ఎటునుంచి దిగుద్ది?"

పొద్దునపూట గాలి మా కొండ మీద పైనుంచి కిందికి దిగుతుంది. ఆ గాలి దారిలో పైన ఉన్నది ఒక్కటే ఇల్లు, కార్పీది. ఇద్దరూ ఒకేసారి అటు చూశారు.

విన్నెట్ ఒక్కతే పై వీధికి ఎక్కింది. రేకుల దడి మీంచి మూరెడు పైకి ఐదు మొక్కల తలలు కనిపిస్తున్నాయి. ఐదింటికీ గుత్తులు గుత్తులుగా పూసలు వేలాడుతున్నాయి. ఒకటి విచ్చుకుంది కూడా, రేకు మీద పసుపు రాసినట్టు పొడి. మిగతా నాలుగూ ఇవాళో రేపో అన్నట్టున్నాయి. రేపు పొద్దున గాలి దిగిందంటే ఎకరం మొత్తం పోతుంది. గేటుకు తాళం వేసుంది.

"ఎవరది?" అని వరండాలోంచి పలికింది మిస్ ఎనిడ్, కార్పీ భార్య. ఒకప్పుడు చర్చిలో విన్నెట్ పక్కన నిలబడి పాడినావిడ. కీళ్లవాతం వచ్చి వేళ్లు కొంకర్లు పోయాక కుర్చీ దాటడం లేదు.

"నేనే, విన్నెట్ని. కార్పీ లేడా?"

"పట్నం వెళ్లారు, జుట్టు కత్తిరించుకోడానికి. మధ్యాహ్నం ఆ లైసెన్సు మీటింగుంది కదా, అటునుంచి అటే వస్తారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంటది."

"వెనక దొడ్లో మొక్కలు..."

ఎనిడ్ కుర్చీలో ముందుకు వంగింది. "చూశావా?"

"కోళ్లు కూడా చూస్తాయి ఎనిడ్. దడి దాటి పైకొచ్చాయి."

"నాకోసమే. ఈ నొప్పికి ఏ మందూ పనిచెయ్యట్లేదని, మూడు నెల్ల కింద గింజలు తెచ్చి నాటారు. ఎవరికీ చెప్పకు విన్నెట్. ఇన్నేళ్లూ అరుగు మీద ఏం మాట్లాడారో నీకు తెలుసుగా. తలెత్తుకోలేరు."

"నేనెప్పుడైనా ఎవరికైనా చెప్పానా? ఆకు కషాయం పనిచేస్తోందా?"

"వేడినీళ్లు తాగినట్టుంటది. మొదట్లో బాగుందని అబద్ధం చెప్పా. వారంలో పట్టేశారు. పోలీసాయన కదా." ఎనిడ్ నవ్వింది. నవ్వితే భుజం నొప్పి పుట్టినట్టుంది, మధ్యలో ఆపేసింది.

కింద గట్టు మీంచే దడి మీది ఐదు తలలూ లెక్కపెట్టుకున్న ఎలీషా, విన్నెట్ దిగి రాగానే కత్తి తీశాడు. "దడి ఎంతెత్తు ఉంటదమ్మా? ఒక్క దూకు దూకి ఐదూ నరికేసి వస్తా. ఆయనకి తెలిసేసరికి అయిపోద్ది."

"దూకి నరకడం ఆయన పద్ధతి. నువ్వు నేర్చుకోకు."

"పంట పోతే?"

"పోదు. మీటింగుకి పద, స్నానం చేసొస్తా."

మీటింగు బడిలో పెట్టారు. రాజధాని కింగ్‌స్టన్ నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. పంటను మూడు వారాల్లో పరీక్షిస్తారని, ఈలోపు ఊరివాళ్ల అభిప్రాయం రాసుకోవడానికే తను వచ్చానని చెప్పింది. ఒకాయన లేచి కుర్రాళ్లు పాడైపోతారన్నాడు. ఇంకొకాయన లేచి, కుర్రాళ్లు పాడవ్వడానికి రమ్ము కొట్టుకు లైసెన్సు ఎవరిచ్చారని అడిగాడు. కొట్టు యజమానికి కోపం వచ్చింది. ఆ గొడవ సద్దుమణిగాక కార్పీ లేచి నిలబడ్డాడు. కొత్తగా కత్తిరించిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, డెబ్బై నాలుగేళ్లకీ నిటారుగా ఉన్న వెన్ను.

"చట్టం ఒప్పుకుంది. ఒప్పుకున్న చట్టాన్ని నేను కాదనను," అన్నాడు. "కానీ వీళ్లు దీన్ని మందంటున్నారు. నొప్పికి పనిచేస్తదంటున్నారు. పనిచెయ్యదు. నొప్పితో ఉన్న మనుషులకి లేనిపోని ఆశ పెట్టొద్దు. ఎవరో చెప్తే చెప్పట్లేదు, నాకు తెలుసు."

"మీకెలా తెలుసండీ?" అని మర్యాదగానే అడిగింది ఆఫీసరమ్మ, రాసుకుంటూ.

కార్పీ చొక్కా కాలరు సర్దుకున్నాడు. "తెలుసు," అని కూర్చున్నాడు. కూర్చున్నాక టోపీని రెండు చేతులతో పట్టుకుని దానికేసే చూస్తూ ఉండిపోయాడు.

ఆ గదిలో అరవై మంది ఉన్నారు. ఆయన కాక, ఆయన దొడ్లో ఏముందో తెలిసినవాళ్లు ఇద్దరే. ఎలీషా విన్నెట్ మోచెయ్యి గిల్లాడు. "లే అమ్మా. ఇప్పుడు చెప్పు. ఒక్క మాట చాలు."

నిజమే, ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో పదేళ్ల తగువు ఆ మధ్యాహ్నమే తేలిపోయేది. గంజాయిని తిట్టిపోసిన పోలీసు దొడ్లోనే ఐదు మొక్కలు ఉన్నాయంటే ఊరు పగలబడి నవ్వేది, ఆఫీసరమ్మ ఆయన మాటను కొట్టేసేది, ఉరియా తొమ్మిది నెలలకు కొంతైనా బదులు తీరేది. నేనైతే కుర్చీ ఎక్కి మరీ చెప్పేవాణ్ణి. విన్నెట్ మెల్లగా లేచింది.

"కార్పీ అబద్ధమాడే మనిషి కాదు," అంది. "మా ఆయన్ని జైల్లో పెట్టినప్పుడు కూడా ఒక్క మొక్క ఎక్కువ రాయలేదు, తక్కువ రాయలేదు. పనిచెయ్యలేదని ఆయన అంటున్నాడంటే, ఆయన చూసినది పనిచేసి ఉండదు. అది రాసుకోండమ్మా. మూడు వారాల్లో మా చేను చూడండి, మీరు చూసింది కూడా రాసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి." ఆ మాట చెప్పి కూర్చుంది. ఎలీషా నెత్తి పట్టుకున్నాడు.

కార్పీ తలెత్తి ఆమెవైపు చూశాడు. ఆమెకు తెలుసని ఆయనకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. పోలీసాయన కదా.

మీటింగయ్యాక ఆయన గబగబా కొండెక్కుతుంటే విన్నెట్ వెనకాలే నడిచింది. "కొంచెం ఆగి నడువు కార్పీ, నా మోకాళ్లు నీ మోకాళ్లంత నిజాయితీగా లేవు."

ఆయన ఆగాడు. "ఎందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పాల్సింది వేరే ఉంది. నీ ఐదూ మగవి."

"అంటే?"

"అంటే ఏంటి, మగవి. వాటిలో మందు ఉండదు. ఎనిడ్‌కి రెండు నెల్లుగా పచ్చగడ్డి కాచి పోస్తున్నావు. ఎన్ని గింజలేశావు?"

"పది. పదీ మొలిచాయి."

"మిగతా ఐదు ఏవి?"

"చట్టం ఐదే కదా," అన్నాడు కార్పీ, ఆ మాటకొస్తే ఇందులో అడగాల్సిందేముందన్నట్టు. "జానెడు ఎదిగాక ఏపుగా ఉన్న ఐదూ ఉంచి, పొట్టివి ఐదూ పీకి పారేశా."

విన్నెట్ అక్కడే దారిపక్క రాయి మీద కూలబడింది. నవ్వాపుకోలేక కళ్ల నీళ్లు పెట్టుకుంది. "ఓరి నాయనో. మగవి తొందరగా ఎత్తు పెరుగుతాయి కార్పీ, తొందరగా పూస్తాయి. నీకు కావాల్సినవి ఆ పొట్టివే. బంగారంలాంటి ఐదుగురు అమ్మాయిల్ని వీధిలోకి గెంటేసి, ఐదుగురు వెధవల్ని మేపుతున్నావు. అదీ చట్టప్రకారం."

కార్పీ నవ్వలేదు. "ముప్పై ఏళ్లు ఇవి నరికాను," అన్నాడు. "ఎన్ని వేలో లెక్కలేదు. వీటిలో మగా ఆడా ఉంటాయని ఎవరూ చెప్పలేదు."

"నరకడానికి తెలియాల్సిన పనేముంది?"

ఆ తర్వాత ఆమె నవ్వు ఆపి, జరిగింది చెప్పింది. పదకొండు మొక్కలు, పొద్దున గాలి, విచ్చుకోబోతున్న నాలుగు, పన్నెండు ఇళ్లు. కార్పీ అంతా విన్నాడు. విని, గేటు దాకా నడిచి, తాళంచెవి చేతిలో పట్టుకుని తియ్యకుండా నిలబడ్డాడు.

"నా ఇంటికి ఐదు నాకు హక్కు. వాటిని ఎవరూ పీకించలేరు."

"పీకించలేను. అందుకే అడుగుతున్నా. కత్తి పట్టుకుని రాలేదు, కిరసనాయిలు డబ్బా తేలేదు. గేటు బయట నిలబడి అడుగుతున్నా."

ఆయన మొహం కందిపోయింది. వరండాలోంచి ఎనిడ్ ఇటే చూస్తోంది. "పీకేస్తే ఆవిడకేం మిగులుద్ది?" అన్నాడు గొంతు తగ్గించి. "పనిచెయ్యకపోయినా, పొద్దున్నే లేచి కాచి ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంది. అది కూడా లేకుండా ఆ కుర్చీ ముందు ఎలా కూర్చోను?"

విన్నెట్ ఇది అనుకోలేదు. కాసేపు దడి మీంచి కనిపిస్తున్న పసుపు గుత్తులకేసి చూసింది. "నా ఇంట్లో నా ఐదు ఉన్నాయి," అంది. "బకెట్లలో ఉన్నాయి, వారంలో కోతకొస్తాయి. అన్నీ అమ్మాయిలే. రేపు ఎలీషా గాడిద మీద తెస్తాడు. నీ దొడ్లో పెట్టుకో."

"మరి నీకు?"

"నాకు సీసా ఉంది. ఏడాది వస్తది."

కార్పీకి ఆ గింజ సంగతి తెలుసు. కొండంతా తెలుసు. "ఉరియా గింజేనా?"

"ఊఁ."

ఆయన ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. తాళం తీసి, గేటు బార్లా తెరిచి పక్కకు జరిగాడు. ఆమె లోపలికి అడుగుపెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒక్కమాట. నావి ఉండగా నీవి వస్తే పది అవుతాయి. అది నేరం."

"అయితే ఇప్పుడే పీకు మరి. రేపటి గాలి దాకా దేనికి?"

సముద్రం వైపు గాలి పడిపోయే వేళ అది. ఎనిడ్ కుర్చీలోంచే బీరువాలో దుప్పట్లు ఎక్కడున్నాయో చెప్పింది, పెళ్లికి వచ్చినవి తప్ప ఏవైనా తీసుకోండంది. విన్నెట్ డబ్బాతో నీళ్లు పోసి ఒక్కో మొక్కనూ తల నుంచి కింది దాకా తడిపింది. తడి దుప్పటి కప్పి, మొదలు దగ్గర ముడేసింది. "లాగకు, ఊపకు. మొదలు దగ్గర పట్టుకుని నిదానంగా తియ్యి. నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు." కార్పీ ఇస్త్రీ చొక్కాతోనే మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని ఐదూ పీకాడు. చేతులు నేర్చిన పనే కాబట్టి ఒక్క వేరు కూడా తెగలేదు. ఐదోది తీసి లేచి నిలబడ్డాక విన్నెట్ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ముప్పై ఏళ్లు పీకావు కార్పీ. పీకాల్సినవి పీకడం ఇవాళే మొదలు."

వరండాలో ఎనిడ్ భుజం నొప్పి లెక్కచెయ్యకుండా చివరిదాకా నవ్వింది.

మర్నాడు పొద్దున ఐదు బకెట్లు కొండెక్కాయి. ఎలీషా దారంతా సణుగుతూనే వెళ్లాడు. దించేటప్పుడు మాత్రం ఎండ ఎటు పడుతుందో చూసి తనే సర్దాడు. చేలో గింజ పట్టిన పదకొండింటి సంగతి ఆఫీసుకు రాసి, నంబరు చీటీలతో సహా పీకి అప్పగించారు. ఆఫీసుకు చెప్పకుండా ఊరుకుందామన్నవాళ్లు లేకపోలేదు. "కార్పీ ఎదురుగా కూర్చుని ఉంటే ఇలాగే అంటావా?" అని విన్నెట్ అడిగేసరికి ఊరుకున్నారు.

మూడు వారాలు ఊళ్లో ఎవరికీ అన్నం సయించలేదు. పరీక్ష రోజున ఆఫీసరమ్మ చేనంతా తిరిగి, తనకు నచ్చిన మొక్కల నుంచి ముప్పై పూతలు తుంచుకుంది. బల్ల మీద తెల్లకాగితం పరిచి ఒక్కోదాన్నీ దాని మీద నలిపింది. నలిపిన ప్రతిసారీ పన్నెండు కుటుంబాలూ ఊపిరి బిగబట్టి కాగితంకేసే చూశాయి. ముప్పయ్యోది నలిపాక కూడా కాగితం మీద ఒక్క గింజ రాలలేదు. ఆఫీసరమ్మ సంతకం పెట్టింది. ఎలీషా గట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆడవాళ్లు సీమపనస కాల్చడానికి నిప్పు రాజేశారు.

అప్పుడు కనిపించాడు కార్పీ, కంచె బయట, టోపీ చేత్తో పట్టుకుని. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. విన్నెట్ వెళ్లి గేటు తీసింది.

"ఎనిడ్ ఎలా ఉంది?"

"మొన్న పొద్దున నేను లేచేసరికి నిద్రపోతోంది," అన్నాడు. "నొప్పి మొదలైన ఏడేళ్లలో నాకంటే ముందు లేవకపోవడం అదే మొదలు. ఏమైందోనని భయపడి లేపేశాను. తిట్టింది." ఇంకేదో అడగడానికి వచ్చినట్టు చేనుకేసి చూశాడు. "అది ఎలా తెలుస్తదో చూపిస్తావా?"

విన్నెట్ ఆయన చెయ్యి పట్టుకుని, బొటనవేలు తీసి దగ్గర్లోని మొక్క గణుపు మీద పెట్టింది. "మెత్తగా నిమురు. పోగులు తగిలాయా?"

"తగిలాయి."

"అమ్మాయి."

ఆయన ఇంకోటి చూశాడు, ఇంకోటి చూశాడు. ప్రతిసారీ ఆమె వైపు చూసి, ఆమె తలూపాక ముందుకు కదిలాడు. నాలుగో మొక్క దగ్గర ఆగిపోయాడు.

"విన్నెట్. ఆ రోజు పల్లంలో నేను తగలబెట్టినవి. వాటిలో మగవి ఎన్ని?"

అవతల కాలుతున్న సీమపనస వాసన వస్తోంది. ఎవరో పాట మొదలుపెట్టారు.

"ఒక్కటీ లేదు కార్పీ," అంది. "మీరు రావడానికి నెల ముందే నేను పీకేశాను. అన్నీ అమ్మాయిలే."

కార్పీ ఆ గణుపు మీంచి చాలాసేపు వేలు తియ్యలేదు. విన్నెట్ కూడా తొందరపెట్టలేదు, పక్కనే నిలబడింది.